చుట్టాల బిందె

నా కూతురు దాహమంటే నాకు భయం. చీకటన్నా, పురుగూ పుట్రా అన్నా, మా అత్తగారి నోరన్నా ఇంత భయం లేదు. మూడేళ్ల పిల్ల గ్లాసు పట్టుకుని "అమ్మా, నీళ్లు" అంటూ వస్తే నా చెయ్యి బిందె దాకా వెళ్లి ఆగిపోతుంది. ఇవ్వకుండా ఉండలేను. ఇస్తే ఏమవుతుందో ఈ ఏడు రెండుసార్లు చూశాను. రెండోసారి, విరేచనాలు ఆగక తీసుకెళ్తే, భీమవరం ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి చేతిలో నరం దొరక్క పాదానికి గుచ్చారు. ఆ బుల్లి పాదం మీద మచ్చ ఇంకా పోలేదు.

పోయిన వారం కథ ఆపినప్పుడు నన్ను నేనే మా ఊరి బడి వరండాలో, గోడకంటించిన చార్టు ముందు నిలబెట్టి వదిలేశాను. అక్కణ్ణుంచే అందుకుంటాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ముందు నాలుగు మాటలు.

మా చింతలగరువుకి మూడు వైపులా రొయ్యల చెరువులే. నాలుగో వైపు మేం తాగే మంచినీళ్ల చెరువు. కాలువ పారినన్నాళ్లూ ఆ నీళ్లకి వంక లేదు. ఏప్రిల్లో కాలువకి నీళ్లు ఆపి కట్టేశాక మట్టం పడిపోతుంది. అప్పుడు రొయ్యల చెరువుల నీరు గట్టు కింద నుంచి ఊటలా వచ్చి ఇందులో కలుస్తుందని ఊళ్లో ఆడవాళ్లందరి అనుమానం. అనుమానానికి కాగితం ఉండదు. ఆ కాగితం ఇచ్చేవాళ్లు రాజమండ్రి దగ్గర గౌతమీ యూనివర్సిటీలో ఉన్నారని బడి పంతులుగారు చెబితే, పోస్టు కార్డు రాసింది నేనే. జవాబు రాదనుకున్నాను. పన్నెండో రోజున జీపే వచ్చింది. అందులోంచి ప్రొఫెసరు శివరామకృష్ణగారు, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ప్రణతి దిగారు.

నీళ్లు పట్టుకుపోయి ఊరుకుంటారనుకుంటే, ఊళ్లోవాళ్లే నేర్చుకోవాలన్నారు. తొమ్మిదో తరగతితో బడి మానిపించిన నన్ను రాజమండ్రి తీసుకెళ్లి మూడు రోజులు లాబ్‌లో కూర్చోబెట్టారు. సీసా ఎలా నింపాలి, మూత లోపలి వైపు వేలు ఎందుకు తగలకూడదు, చీటీ మీద ఏం రాయాలి, అన్నీ నేర్పారు. నా చేతిరాత చూసి ప్రణతి, "అక్కా, సీసాలన్నిటి మీదా మీరే రాయాలి. మా రాత మాకే అర్థం కాదు" అంది. పెళ్లయ్యాక నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఫిబ్రవరిలో, కాలువ పారుతుండగా, చెరువు నీళ్లు వాళ్లే తీసుకెళ్లారు. అవి బాగున్నాయి. కాలువ కట్టేశాక ఏప్రిల్లో ఇరవై నాలుగు ఇళ్లు తిరిగి ఇరవై నాలుగు సీసాలు నేను నింపాను.

ఆ ఫలితాలే ఆ చార్టు. ఇరవై నాలుగూ మంచినీళ్లే.

ఒక్కో వరస చదువుతూ పోతుంటే నా వేలు ఆగిపోయింది. ఒక్క ఏడో నంబరు తప్ప మిగతా ఇరవై మూడు వరసల్లోనూ అంకెలు కవలపిల్లల్లా ఉన్నాయి. మా ఇంటి వరస చూశాను. అదీ అంతే. అప్పుడు నాకు ఏప్రిల్లో ఒక పొద్దుటి పూట మా వంటింట్లో జరిగింది గుర్తొచ్చింది.

మా వైపు ఇళ్లలో వేసవిలో రెండు బిందెలుంటాయి. ఒకటి మేం తాగేది, ఊరి చెరువు నీళ్లు. రెండోది స్టీలు బిందె, దాని మీద పళ్లెం, పళ్లెం మీద గ్లాసు. అందులో పక్కూరు తూర్పుపాలెం నుంచి సైకిలు మీద తెప్పించిన తియ్యటి నీళ్లు. దాన్ని చుట్టాల బిందె అంటాం. ఇంటి మనిషి దాని మీద చెయ్యి వేస్తే తిట్లు తింటాడు.

ఆ రోజు సీసా పట్టుకుని మా ఇంట్లోకే వెళ్తే, మా అత్తగారు అప్పాయమ్మ తిన్నగా స్టీలు బిందె మీది పళ్లెం తీసింది.

"అదేంటత్తయ్యా, అవి తూర్పుపాలెం నీళ్లు కదా."

"మరి? అంత దూరం నుంచొచ్చిన చదువుకున్నోళ్లకి ఈ ఉప్పునీళ్లు పోసి పంపమంటావా? మనింటి పరువేం కాను?"

"వాళ్లు తాగడానికి కాదత్తయ్యా, పరీక్షకి."

"పరీక్షకైతే మరీ మంచివి ఇవ్వాలి. ఫెయిలైపోమూ?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే సీసా నింపాను. మూత బిగించి, చీటీ మీద నా అందమైన అక్షరాలతో నంబరు రాశాను. ఒక్క ఇల్లే కదా, అంతలో ఏం కొంప మునుగుతుందనుకున్నాను. మిగతా ఇళ్లలోనూ నన్ను అరుగు మీదే కూర్చోబెట్టి, లోపలికెళ్లి చెంబుతో తెచ్చి పోశారు. ఏ బిందెలోంచి తెచ్చారో నేను అడగలేదు. అడగకపోవడం ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. నాకు తెలుసు కాబట్టే.

"రామలక్ష్మిగారూ, ఏమైనా సందేహమా?" బడి వరండాలో ఊరివాళ్లందరి ముందూ ప్రొఫెసరుగారు అడిగారు. ఆయన నన్ను గారు అంటారు. మా ఊళ్లో నన్ను గారు అన్న మొదటి మనిషి ఆయనే.

నేను నోరు తెరిచేలోపు ముందు వరస కుర్చీలోంచి కాశీవిశ్వనాథరాజుగారు లేచారు. ఊరి చుట్టూ ఉన్న చెరువుల్లో సగం ఆయనవే. మా ఆయన గణేష్‌బాబు ఆయన దగ్గరే మేత చల్లుతాడు, చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు చూస్తాడు. ఆ పూట కూడా రాజుగారి కుర్చీ వెనకే, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రాజుగారు చెడ్డమాట ఎరగని మనిషి. తన జీతగాళ్లతో తప్ప, చిన్నపిల్లలతో కూడా అండీ అనే మాట్లాడతారు. అందుకే ఆయనకి ఎదురు చెప్పడం కష్టం.

"అయ్యా ప్రొఫెసరుగారూ, చాలా సంతోషమండి. నాలుగేళ్లుగా ఈ ఊళ్లో నన్నొక దోషిలా చూస్తున్నారండి. పిల్లాడు తుమ్మితే రాజుగారి చెరువు, గేదె ఈనకపోతే రాజుగారి చెరువు. ఇప్పుడు తమరి కాగితమే చెప్పింది కదండీ." సర్పంచి వైపు తిరిగారు. "మంచినీళ్ల చెరువు వెనక నలభై ఎకరాల్లో రొయ్యల చెరువులు తవ్వుకోడానికి నా అర్జీ రెండేళ్లుగా బల్ల మీదే ఉందండి. ఇంక అడ్డమేముంది? ఈ పూటే తీర్మానం రాసేద్దామండి."

సర్పంచి పుస్తకం తెరిచాడు. వెనక నలభై ఎకరాలంటే మా ఊరికి నాలుగు వైపులా ఉప్పే. ఇక మాకు వచ్చే వేసవి ఉండదు. అదీ నా చేతిరాతతో.

అప్పుడే నా చంక దిగిన మా పిల్ల హేమశ్రీ నా చీర కుచ్చిళ్లు లాగింది. "అమ్మా, నీళ్లు."

వరండా మూల బల్ల మీద రెండు బిందెలున్నాయి. స్టీలుది, ప్లాస్టిక్‌ది. అటెండరు స్టీలు బిందెలో నీళ్లు ముంచి ప్రొఫెసరుగారికిచ్చాడు. అదే చేత్తో, ఆలోచన కూడా లేకుండా, ప్లాస్టిక్ బిందెలోంచి మరో గ్లాసు ముంచి నా కూతురికి చాపాడు. పిల్ల రెండు చేతులూ చాపింది.

ఆ గ్లాసు నేను లాక్కున్నాను. పిల్ల ఏడుపు అందుకుంది. నేను గ్లాసు పట్టుకెళ్లి ప్రొఫెసరుగారి ముందు, ఆయన ఫైలు మీద పెట్టాను. అంచున నీళ్లు తొణికి కాగితం తడిసింది.

"ఇవి తాగండి."

మా అత్తగారు తల పట్టుకుంది. వచ్చినవాళ్లకి చెడ్డనీళ్లు ఇవ్వడమంటే మా వైపు చెంప మీద కొట్టినట్టే.

"ఒసేయ్, మతి పోయిందా నీకు? చుట్టానికి ఆ నీళ్లేంటే?"

"చుట్టానికి కాదత్తయ్యా. మన పిల్లకిచ్చిన గ్లాసే."

ప్రొఫెసరుగారు నా మొహం చూశారు, గ్లాసు చూశారు. ఎత్తి ఒక గుక్క తాగారు. నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక, కళ్లు మూసుకుని మింగారు. అటెండరు తనకిచ్చిన గ్లాసు అందుకుని అందులోదీ ఒక గుక్క తాగారు. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టారు.

"ఇందులో ఏది మీరు నాకు సీసాల్లో పంపింది?" నెమ్మదిగా అడిగారు.

"స్టీలు బిందెలోదండి. మా ఇంటి సీసా వరకు నేను కళ్లారా చూశాను. చూసి కూడా నింపాను. తప్పు నాది. మిగతావాళ్లవీ అంతేనని నా నమ్మకం. అవి మా ఊరి నీళ్లు కాదండి. ఇరవై మూడు ఇళ్లవీ తూర్పుపాలెం నీళ్లే."

"అబద్ధం!" ఆడవాళ్ల గుంపులోంచి ఎవరో అరిచారు. "మేం ఊరి నీళ్లే పోశాం."

"ఆయ్, మేమూ అంతే."

రాజుగారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా రామలక్ష్మీ, కూర్చోండమ్మా. ఎండకి కళ్లు తిరిగుంటాయి. తొమ్మిదో క్లాసు చదివిన పిల్ల ఒక మాటంటే డాక్టరేట్లు చేసినోళ్ల రిపోర్టు మారిపోద్దా అండి?" మా ఆయన వైపు తిరిగారు. "ఏవయ్యా గణేష్, ఇంటికి తీసుకెళ్లవయ్యా."

మా ఆయన కదల్లేదు. నా వైపు చూడనూ లేదు.

కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు. అందుకని కూర్చోలేదు.

"తొమ్మిదే చదివానండి. అందుకే నాకు లెక్క ఒక్కటే తెలుసు. ఏడో నంబరు సీసా మీ ఇంటిది. దాని అంకెలు ఊరి మొత్తంలో ఎవరితోనూ కలవట్లేదు. ఎందుకో చెప్పమంటారా? మీ ఇంట్లో చుట్టాలకీ, ఇంటోళ్లకీ ఒకటే నీళ్లు. భీమవరం నుంచి ఆటోలో వచ్చే డబ్బా నీళ్లు. ఈ చెరువు అంత మంచిదైతే, దాని నీళ్లు మీ గడప ఎందుకు తొక్కలేదండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారి చిరునవ్వు అక్కడే ఉంది గానీ, చల్లారిన అట్టులా ఉంది.

ఆ నవ్వింది రత్తమ్మ. మా వెనక వీధి ముసలమ్మ. డెబ్బై దాటాయి, చుట్ట మానలేదు. మోకాళ్ల మీద చేతులేసి లేచింది.

"ఇంకెంతసేపు దాత్తారే? నేను పోసింది చుట్టాల బిందెలోదే. చెయ్యెత్తమంటే ఎత్తుతాను, ఇదిగో. పంతులుగారి పరీక్షకి పిల్లకాయలు కొత్త చొక్కా వేసుకుపోరా? మనమూ అదే చేసాం. సిగ్గెందుకు? ఒసేయ్ పెద్దింట్లమ్మా, నువ్వయితే ఏలక్కాయ కూడా దంచి వేసావంట కదే!"

వరండా కప్పు లేచిపోయేలా నవ్వారు. పెద్దింట్లమ్మ మొహం కొంగులో దాచుకుని, ఆ కొంగులోంచే చెయ్యెత్తింది. తర్వాత ఇంకొకటి. అటు మూల ఇంకో రెండు. మా అత్తగారు చివరిదాకా ఎత్తలేదు. హేమశ్రీ వెక్కుతూ వెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చుంది. పిల్ల పాదం మీది మచ్చ ఆవిడ అరచేతి కిందికొచ్చింది. అప్పుడు రెండో చెయ్యి పైకి లేచింది. నా వైపు మాత్రం చూడలేదు.

ప్రణతి లెక్కపెట్టింది. "ఇరవై ఒకటి, సార్. రెండిళ్లవాళ్లు ఊళ్లో లేరు."

ప్రొఫెసరుగారు గోడ దగ్గరికెళ్లి చార్టు ఒక మూల నుంచి ఒలిచారు. మడతపెట్టి ఫైల్లో పెట్టుకుని, సర్పంచి చేతిలో ఉన్న రిపోర్టు అడిగి తీసుకుని, దాని మీద అడ్డంగా గీత గీసి సంతకం చేశారు.

"అదేంటండీ!" అన్నారు రాజుగారు. "ఎవరో అన్నారని..."

"ఎవరో కాదండి. ఆఖరి పేజీ చూడండి. నీళ్లు సేకరించినవారు: రామలక్ష్మి. నా సంతకం కింద ఆవిడ సంతకం ఉంది. ఆవిడ కాదన్నాక ఈ కాగితానికి కాళ్లు లేవు." నా వైపు తిరిగారు. "మా పొరపాటు ఎక్కడుందమ్మా? అది చెప్పండి. మళ్లీ చెయ్యకూడదు కదా."

అంత పెద్దాయన, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత విప్పి, నేను చెప్పబోయేది రాసుకోడానికి సిద్ధంగా నిలబడ్డారు.

"మీ ఇంట్లో తాగే నీళ్లు ఇవ్వండి అని అడగమన్నారండి. గుమ్మంలో నిలబడి ఎవరు నీళ్లడిగినా మా చెయ్యి స్టీలు బిందె మీదికే పోద్ది. అది మా అలవాటు. పొద్దున్న మీ చంటిదానికి ఏవి పట్టారు, అవి ఇవ్వండి అని అడగాల్సింది. ఆ మాటకి ఏ తల్లీ అబద్ధం ఆడదండి."

ఆయన మాట వదలకుండా రాసుకున్నారు.

తర్వాత అందరం చెరువు గట్టుకి నడిచాం. మండుటెండలో ఊరు ఊరంతా వెనకాలే. ప్రణతి చేతిలోని ఉప్పు కొలిచే చిన్న మీటరు నీళ్లలో ముంచితే అంకె ఎక్కడా ఆగకుండా ఎగబాకింది. ఫిబ్రవరి అంకెకి ఆరు రెట్లు.

"ఎండాకాలంలో ఉప్పు ఎక్కడైనా పెరుగుద్దండి," అన్నారు రాజుగారు. "నా చెరువుల్లోదని ఏంటండి ఆధారం?"

"నిజమేనండి. మీటరు ఆ మాట చెప్పలేదు." ప్రొఫెసరుగారు ఒప్పుకున్నారు. "రొయ్యలకి వేసే మందు జాడ ఈ నీళ్లలో ఉందో లేదో, పిల్లలకి విరేచనాలు పట్టించే పురుగు ఉందో లేదో లాబ్ చెప్పాలి. లేదంటే లేదనే రాస్తాను. మీకు అనుకూలంగా వచ్చినా అదే సంతకం."

సర్పంచి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. తీర్మానం సోమవారానికి వాయిదా వేశాడు. ఈలోపు కొత్త కాగితం వస్తే సరి, రాకపోతే అర్జీ ఒప్పుకున్నట్టే అన్నాడు.

ఈసారి చెరువులోంచి మూడు సీసాలు, మూడు ఇళ్ల ప్లాస్టిక్ బిందెల్లోంచి మూడు సీసాలు, అందరి కళ్లముందే నేనే నింపాను. నీలం ఐసు డబ్బాలో పేర్చాం. అప్పుడు పన్నెండున్నర. ఆరు గంటల్లోపు లాబ్‌కి చేరకపోతే ఆ నీళ్లు పనికిరావు. సాయంత్రం ఆరున్నరకి గడువు.

జీపు బయల్దేరి రెండు ఫర్లాంగులు వెళ్లి వెనక్కొచ్చింది. ఊళ్లోకి ఉన్న ఒక్క గట్టు బాట మీద రాజుగారి మేత లారీ అడ్డంగా ఆగిపోయిందట. పాడైందట. డ్రైవరు మెకానిక్కు కోసం వెళ్లాడట. ఆ మెకానిక్కు పాలకొల్లు నుంచి రావాలట.

"అరెరే, ఎంత పనైందండీ!" అన్నారు రాజుగారు, గొడుగు తెరుచుకుంటూ.

ప్రణతి డబ్బా నెత్తిన పెట్టుకుంది. "చెరువు గట్ల మీద నడిచిపోతాను, సార్. రోడ్డెక్కితే ఏదో ఒక బండి దొరుకుతుంది."

అప్పుడు టీవీఎస్ చప్పుడైంది. మా ఆయన బండి మా ముందు ఆపాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రణతి నెత్తిన ఉన్న డబ్బా దించి, మేత బస్తాలు కట్టే తాడుతోనే క్యారేజీకి బిగించి కట్టాడు. రొయ్యల గట్ల మీద ఏ మలుపు ఎక్కడుందో రాత్రీ పగలూ తిరిగిన ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

"గణేషూ," రాజుగారు పిలిచారు, చాలా మెత్తగా. "వెళ్తే వెళ్లండి. మళ్లీ నా గట్టు మీదికి రానక్కర్లేదండి."

మా ఆయనతో రాజుగారు అండీ అనడం అదే మొదలు.

డబ్బాకీ మా ఆయనకీ మధ్య ప్రణతి ఇరుక్కుని కూర్చుంది. బండి కదిలింది.

మూడింటికి మా ఆయన తిరిగొచ్చాడు. భీమవరం బస్టాండులో ప్రణతిని ఒకటిన్నర రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కించానన్నాడు. డ్రైవరు వెనక సీటు, డబ్బా ఒళ్లో పెట్టుకుందన్నాడు. "పొద్దుట్నుంచీ ఆ అమ్మాయి గుక్కెడు నీళ్లు తాగలేదే. మన ఊళ్లో ఏ బిందెలోవి తాగాలో తెలీలేదంది" అన్నాడు. మొదట నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

అయిదింటికి ఎస్టీడీ బూత్ నుంచి ప్రొఫెసరుగారే లాబ్‌కి ఫోన్ చేశారు. రిసీవరు ఆయన చెవి దగ్గరుంది, నా కళ్లు ఆయన పెదాల మీదున్నాయి. బస్సు నాలుగున్నరకే వచ్చిందట. యూనివర్సిటీ దగ్గరి వేమగిరి స్టాపులో వాళ్ల మనిషి కాచుకుని ఉన్నాడట. ప్రణతి దిగలేదు. కండక్టరుని అడిగితే, రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు ఆ అమ్మాయి నీళ్లు తాగొస్తానని దిగిందనీ, డబ్బా కూడా పట్టుకునే దిగిందనీ, కేకేసి చూసినా మళ్లీ ఎక్కలేదనీ చెప్పాడట.

లారీ ఇంకా గట్టు మీదే ఉంది. గడువు గంటన్నర. నేను ఇక్కడ బూత్ మెట్ల మీద, నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుని కూర్చున్నాను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రావులపాలెం బస్టాండు వైపు మీరెవరైనా వెళ్తుంటే ఒక్కసారి చూడండి. ఆకుపచ్చ చుడీదారు, మెళ్లో యూనివర్సిటీ కార్డు, చేతిలో నీలం డబ్బా. పేరు ప్రణతి. ఎలా ఉందో కనుక్కోండి. కనిపిస్తే డబ్బా సంగతి తర్వాత, ముందు ఆ పిల్లకి దాహం తీర్చండి. మీ ఇంట్లో చుట్టాల బిందెలోవే ఇవ్వండి.